సీసా మూతలో గోలీ ఎందుకు? మళ్లీ నింపనివ్వని మూతల వెనుక కథ

మద్యం మన ఇళ్లలోకి రాదు. అది హరామ్ అని పిల్లలకు కూడా తెలుసు. కానీ మద్యం సీసా మాత్రం వేరే దారుల్లో మన బతుకుల్లోకి వస్తూనే ఉంటుంది. కబాడీ దుకాణానికి బస్తాల్లో వచ్చే ఖాళీ సీసాలు అవే. హోటళ్లలో క్లీనింగ్ పని చేసే కుర్రాళ్లు పొద్దున్నే ఏరి పక్కన పెట్టేవి అవే. వీధిలో ఫినాయిల్, యాసిడ్ అమ్మే బండి మీద కనిపించేవి కూడా చాలాసార్లు ఎవరో తాగి పడేసిన సీసాలే.

ఖరీదైన సీసా మెడలో ఒక చిన్న ప్లాస్టిక్ అమరిక ఉంటుంది. వంచితే లోపలి ద్రవం బయటికి వస్తుంది, పైనుంచి పోస్తే మాత్రం లోపలికి పోదు. దాన్ని ఎందుకు కనిపెట్టారు, ఎలా పనిచేస్తుంది, ఏం ఆపగలదు, ఏం ఆపలేదు? ఇది తాగేవాళ్లకు మాత్రమే పనికొచ్చే సంగతి అనుకోవద్దు. మనం తాగే నీళ్ల సీసా, పిల్లలకు పట్టే సిరప్ సీసా కూడా ఇదే లెక్కలోకి వస్తాయి.

ఖాళీ సీసాకు అంత ధర ఎందుకు?

సీసాలో ఉన్నది అయిపోయినా దాని పరువు అయిపోదు. లేబుల్ అలాగే ఉంటుంది, గాజు అలాగే ఉంటుంది, కంపెనీ పేరు అలాగే మెరుస్తుంది. అందులో చవకరకం సరుకు నింపి ఖరీదైన ధరకు అమ్మితే కొనేవాడికి తెలియదు. ఇందులో ముగ్గురు మోసపోతారు. కొన్నవాడి డబ్బు పోతుంది, కంపెనీ పేరు పోతుంది, సర్కారుకు రావాల్సిన పన్ను పోతుంది. నింపినది విషమైతే ప్రాణమే పోతుంది.

ఈ ధోకా కొత్తదేమీ కాదు. 19వ శతాబ్దం చివరి నుంచే అమెరికాలో 'మళ్లీ నింపలేని సీసా' కోసం ఎందరో పేటెంట్లు తీసుకున్నారు. ఒకరు గోలీ పెట్టారు, ఒకరు తేలే బిరడా పెట్టారు, ఒకరు మూత తీస్తే మెడ విరిగిపోయేలా చేశారు. వాటిలో చాలావరకు ఖర్చు ఎక్కువై, లేదా సరిగ్గా పోయడానికి రాక మూలన పడ్డాయి. అక్కడ మద్య నిషేధం 1933లో ముగిసింది. ఆ తర్వాత 1935 నుంచి 1964 వరకు, ఈ సీసాను అమ్మడం గానీ మళ్లీ వాడడం గానీ ఫెడరల్ చట్టం ప్రకారం నిషేధం అనే మాటను మద్యం సీసాల గాజులోనే అచ్చుగా పోసేవారు. మాట సీసాపై ఉంది. కానీ చదివి భయపడే మోసగాళ్లు ఎంతమంది ఉంటారు?

అంత పెద్ద దేశంలో, అంత చట్టం ఉన్నచోట కూడా ఈ మోసం ఆగలేదు. 2013 మే నెలలో న్యూజెర్సీ రాష్ట్ర అధికారులు 'ఆపరేషన్ స్విల్' పేరుతో ఒకేసారి 29 బార్లు, రెస్టారెంట్లపై దాడులు చేశారు. ఖరీదైన సీసాల్లో చవకరకం నింపి పోస్తున్నారన్నది ఆరోపణ. ఒకచోట రుద్దుకునే స్పిరిట్‌లో రంగు కలిపి స్కాచ్ అని పోశారని అధికారులు చెప్పారు.

గోలీ సోడా గుర్తుందా?

మన ఊళ్లలో గోలీ సోడా తాగనివాళ్లు తక్కువ. 1870ల్లో ఇంగ్లండ్‌లో హైరమ్ కాడ్ అనే ఇంజినీరు ఆ సీసాను తయారు చేశాడు. అందులో గోలీ సీసా లోపలే ఉంటుంది. సోడాలోని గ్యాస్ దాన్ని కిందినుంచి పైకి నెట్టి, మెడలో ఉన్న రబ్బరు రింగుకు గట్టిగా ఒత్తుతుంది. వేలితోనో చెక్కతోనో నొక్కితే గోలీ కిందికి దిగి సోడా బయటికి వస్తుంది.

మద్యం సీసా మూతలోని గోలీ పని దీనికి తిరగబడి ఉంటుంది. మద్యంలో గ్యాస్ ఉండదు కాబట్టి కిందినుంచి నెట్టే బలం లేదు. అందుకే ఇక్కడ గోలీ బరువును వాడుకుంటారు. మెడలో బిగించే ఆ అమరికను విడదీసి చూస్తే ముఖ్యంగా నాలుగు భాగాలు కనిపిస్తాయి.

మొదటిది, గాజు మెడను పట్టుకునే రింగు. సీసా మెడ చుట్టూ గాజులోనే ఒక చిన్న గట్టు ఉంటుంది. ఫ్యాక్టరీలో యంత్రం ఒత్తగానే ప్లాస్టిక్ రింగు కొద్దిగా సాగి, ఆ గట్టు దాటి, కింద పట్టుకుని కూర్చుంటుంది. ఎక్కడం సులువు, దిగడం కష్టం. లాగితే ప్లాస్టిక్ చిరుగుతుంది, లేదా గాజు పగులుతుంది.

రెండోది, వాల్వు. ఇది చిన్న బిళ్ల లాంటిది. ద్రవం వచ్చే దారి మీద మూతలా కూర్చుంటుంది.

మూడోది, వాల్వు మీద కూర్చునే గోలీ. గాజుదైనా ఉంటుంది, ప్లాస్టిక్‌దైనా ఉంటుంది. సీసా నిలబెట్టినప్పుడు గోలీ బరువు వాల్వును కిందికి నొక్కి పెడుతుంది. సీసా వంచగానే గోలీ పక్కకు దొర్లుతుంది, లోపలి ద్రవం వాల్వును తోసుకుని బయటికి వస్తుంది. అదే పైనుంచి పోస్తే, పోసిన ద్రవం బరువు కూడా గోలీతో కలిసి వాల్వును ఇంకా గట్టిగా మూస్తుంది. లోపలికి పోవాల్సినది పైనే నిలిచి పొర్లిపోతుంది.

నాలుగోది, అడ్డు గోడ లాంటి చిన్న ప్లాస్టిక్ తెర. గోలీని ఎవరైనా తీగతో పక్కకు నెట్టకుండా దారిని వంకర తిప్పుతుంది. ద్రవం వంకర దారిలో కూడా పోతుంది, తీగ పోవడం కష్టం.

మన దేశంలో వ్యాపారంలో ఉన్నవాళ్లు ఈ మూతలను 'గువాలా క్యాప్' అంటారు. అది ఇటలీలోని అలెస్సాండ్రియాలో 1954లో మొదలైన గువాలా కంపెనీ పేరు. జిరాక్స్ అన్న పేరు ఫొటోకాపీకి అంటుకున్నట్టు ఈ పేరు మూతకు అంటుకుంది. ఇప్పుడు ఇలాంటి మూతలు వేరే కంపెనీలు కూడా తయారు చేస్తున్నాయి.

డిజైన్ చేసేవాళ్ల తలనొప్పి

చెప్పుకుంటే సులువుగానే ఉంది. చేయడంలోనే ఉంది తిప్పలంతా.

మొదటి చిక్కు గాలితో. సీసాలోంచి ద్రవం బయటికి రావాలంటే, ఆ ఖాళీలోకి గాలి వెళ్లాలి. గాలి సరిగ్గా వెళ్లకపోతే 'గుడగుడ'మంటూ ఆగి ఆగి వస్తుంది, టేబుల్ మీద చిందుతుంది. అంటే గాలికి లోపలికి దారి ఇవ్వాలి, ద్రవానికి ఇవ్వకూడదు. గాలి దారి పెద్దదైతే మోసగాడికి దారి దొరుకుతుంది. చిన్నదైతే మామూలు కొనుగోలుదారుడు విసుక్కుంటాడు. పాత రోజుల్లో చాలా పేటెంట్లు ఇక్కడే దెబ్బతిన్నాయి.

రెండో చిక్కు గాజుతో. కరిగిన గాజును అచ్చులో ఊది సీసా చేస్తారు. అచ్చు అరిగేకొద్దీ మెడ కొలత వెంట్రుకవాసి తేడా వస్తుంది. మూత బిగుతైతే బిగించేటప్పుడే గాజు పగులుతుంది. వదులైతే చేత్తోనే ఊడి వస్తుంది. అందుకే కొద్దిగా సాగే ప్లాస్టిక్ వాడి ఆ తేడాను సర్దుతారు. మళ్లీ అదే ప్లాస్టిక్ వేడికి మెత్తబడుతుంది. మే నెలలో లారీ డబ్బాలో ఎంత వేడి ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు.

మూడోది, లోపలి సరుకుతో. మన దేశంలో విస్కీ, బ్రాందీ లాంటివి సాధారణంగా 42.8 శాతం ఆల్కహాల్‌తో వస్తాయి. ఆల్కహాల్ చాలా పదార్థాలను కరిగిస్తుంది. ఆహారానికి పనికొచ్చే రకం ప్లాస్టిక్ వాడకపోతే వాసన, రుచి అందులోకి దిగుతాయి.

నాలుగోది ఖర్చు. ఈ మూత ఒక్కోటి చేతితో చేసేది కాదు, లక్షల్లో అచ్చు పోసేది. ప్రతి భాగం పెరిగినకొద్దీ పైసలు పెరుగుతాయి. అందుకే చవకరకం సీసాల మీద మామూలు అల్యూమినియం మూత ఉంటుంది, ఖరీదైన వాటికే గోలీ మూత ఉంటుంది. మోసగాడి కన్ను పడేది కూడా ఎక్కువగా ఖరీదైన పేరు మీదే కదా.

విరిగితే తెలిసేలా చేయడం

పైన చెప్పింది మళ్లీ నింపకుండా ఆపే పని. దీనికి తోడు ఇంకో పని ఉంది. సీసాను ఎవరైనా ముందే తెరిచి ఉంటే, అది కొనేవాడి కంటికి కనిపించాలి.

అల్యూమినియం మూత అంచున చిన్న చిన్న కాళ్లలాంటి అతుకులు ఉంటాయి. మొదటిసారి తిప్పగానే అవి 'టక్'మని తెగిపోతాయి. పై భాగం చేతిలోకి వస్తుంది, కింది రింగు మెడకే ఉండిపోతుంది. కొన్ని మూతల్లో తిప్పగానే లోపలి రంగు పట్టీ బయటపడుతుంది, మళ్లీ ఎంత బిగించినా దాక్కోదు. నీళ్ల సీసా మూత కింద ఉండే ప్లాస్టిక్ రింగు, సిరప్ సీసా అల్యూమినియం మూత చేసే పని కూడా ఇదే.

ఇలాంటి ఏర్పాటు ఎంత అవసరమో ప్రపంచానికి తెలిసింది మద్యం వల్ల కాదు, మందుబిళ్లల వల్ల. 1982లో అమెరికాలోని షికాగో ప్రాంతంలో ఎవరో టైలినాల్ అనే నొప్పి మందు క్యాప్సూళ్లలో సైనైడ్ కలిపి దుకాణాల్లో తిరిగి పెట్టారు. ఏడుగురు చనిపోయారు. కంపెనీ సుమారు 3 కోట్ల 10 లక్షల సీసాలను వెనక్కి తెప్పించింది. అదే ఏడాది అక్కడి ప్రభుత్వం దుకాణాల్లో నేరుగా అమ్మే మందులకు సీలు తప్పనిసరి చేసింది.

ఇక్కడ ఒక చిన్న మాట మార్పు గమనించాలి. మొదట్లో ఆ నిబంధనల్లో 'ట్యాంపర్ రెసిస్టెంట్' అని రాశారు. అంటే తెరవడాన్ని అడ్డుకునేది. తర్వాతి కాలంలో దాన్ని 'ట్యాంపర్ ఎవిడెంట్' అని మార్చారు. అంటే తెరిస్తే తెలిసిపోయేది. ఎవరూ తెరవలేని మూత ఉండదని ఒప్పుకున్నట్టే. టైం, పనిముట్లు, తీరిక ఉన్నవాడు ఏ మూతనైనా తీయగలడు. డిజైనర్ చేయగలిగింది రెండే. తీస్తే గుర్తు మిగలాలి. తీయడానికి పట్టే శ్రమ వచ్చే లాభం కంటే ఎక్కువ కావాలి.

కాబట్టి మూత సగం పనే చేస్తుంది. ఆ గుర్తును చూడాల్సిన కన్ను మనది.

మూత ఆపలేని మోసం

పాత సీసాను మళ్లీ నింపేవాడిని ఈ మూత ఇబ్బంది పెడుతుంది. కానీ కొత్త సీసా, కొత్త మూత, కొత్త లేబుల్ అన్నీ తెచ్చుకుని సొంతంగా ఫ్యాక్టరీయే పెట్టేవాడిని ఏం చేస్తుంది? 2025 అక్టోబరులో అన్నమయ్య జిల్లా ములకలచెరువులో నకిలీ మద్యం తయారీ కేంద్రం బయటపడింది. అలాంటిచోట గోలీ ఎంత బాగా పనిచేసినా లాభం లేదు. అందుకే ఆ తర్వాత ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతి సీసా మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేసి చూసుకునేలా ఎక్సైజ్ సురక్ష యాప్ తెచ్చింది. మూత సీసాను కాపాడితే, కోడ్ ఆ సీసా ఎక్కడినుంచి వచ్చిందో చెబుతుంది. రెండూ కలిస్తేనే కొంత భరోసా.

ఇదంతా డబ్బు నష్టంతో ఆగితే ఇంత రాయాల్సిన పని లేదు. నకిలీ సరుకులో మిథనాల్ కలిస్తే అది విషం. పరిశ్రమల్లో వాడే ఈ ద్రవానికి రుచి, వాసన మామూలు ఆల్కహాల్ లాగే ఉంటాయి. కాలేయం దాన్ని ఫార్మిక్ యాసిడ్‌గా మారుస్తుంది. అది కంటి నరాన్ని దెబ్బతీస్తుంది, చూపు పోతుంది, ప్రాణం పోతుంది. 2012 సెప్టెంబరులో చెక్ దేశంలో మిథనాల్ కలిసిన మద్యం వల్ల పదుల సంఖ్యలో జనం చనిపోతే, అక్కడి ప్రభుత్వం 20 శాతం కంటే ఎక్కువ ఆల్కహాల్ ఉన్న అన్ని మద్యాల అమ్మకాన్ని కొన్నాళ్లు నిలిపేసింది.

మనవాళ్లు చాలామంది ఉండే కువైట్‌లో మద్యం పూర్తిగా నిషేధం. అయినా 2025 ఆగస్టులో అక్కడ మిథనాల్ విషం 160 మందికి సోకిందని, 23 మంది చనిపోయారని ఆరోగ్య శాఖ ప్రకటించింది. బాధితులు ఆసియా దేశాల కార్మికులు. దొంగచాటుగా తయారైన సరుకుకు సీలూ ఉండదు, లేబులూ ఉండదు, అడిగే నాథుడూ ఉండడు.

మనం చేయగలిగినవి

కబాడీ వ్యాపారం చేసే భాయిలు ముందుగా ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఖాళీ సీసాలు కొనడం, అమ్మడం తప్పు పని కాదు. బీరు సీసాలను బ్రూవరీలు కడిగి మళ్లీ వాడడం ఎప్పటినుంచో ఉన్నదే. కానీ ఎవరైనా వచ్చి ఖరీదైన విస్కీ సీసాలే కావాలి, మూత పాడవకూడదు, పైన అట్టపెట్టె కూడా ఉండాలి, మామూలు ధర కంటే ఎక్కువిస్తాం అంటే, అది గాజు కోసం కాదు. గాజు కరిగించేవాడికి మూతతో, పెట్టెతో పని లేదు. అలాంటి బేరం నాలుగు రూపాయలు ఎక్కువ తెచ్చినా, రేపు ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటే ముందు నిలబడేది కొనుక్కెళ్లినవాడు కాకపోవచ్చు, దుకాణంలో కూర్చున్న మన పిల్లాడే కావచ్చు. మూత విరగ్గొట్టి, పెట్టె చింపి, సీసాను గాజు తూకంలో అమ్మేయండి. హోటళ్లలో పనిచేసే కుర్రాళ్లకు కూడా ఇదే మాట చెప్పండి.

ఇంట్లో చూసుకోవాల్సినవి:

- నీళ్ల సీసా కొన్నప్పుడు మూత తిప్పగానే రింగు తెగిన చప్పుడు, ఆ పట్టు తెలియాలి. ముందే వదులుగా ఉంటే తిరిగి ఇచ్చేయండి. తాగాక సీసాను నలిపి పడేయండి. సీసా మీద అలా రాసేది ఇందుకే.

- సిరప్, కంటి చుక్కల మందు సీలు తెగి ఉంటే, మూత చుట్టూ గీతలు ఉంటే, మెడ దగ్గర ప్లాస్టిక్ తెల్లబడి ఉంటే తీసుకోవద్దు. షాపులోనే, డబ్బు ఇవ్వకముందే చూడండి.

- తేనె, నూనె సీసాల మూత పైన ఉండే సీలు కాగితం ఒకసారి తీసి మళ్లీ అతికించినట్టుంటే వదిలేయండి.

- ఫినాయిల్, యాసిడ్, కిరోసిన్‌ను కూల్‌డ్రింక్ సీసాలో గానీ నీళ్ల సీసాలో గానీ ఎప్పుడూ పోసి పెట్టొద్దు. మనం ఫ్రిజ్‌లో పాత షర్బత్ సీసాలో చల్లటి నీళ్లు పెట్టుకుంటాం. పిల్లలకు సీసా ఆకారమే తెలుసు, లోపల ఏముందో తెలియదు. బండి మీద కొన్నది పాత సీసాలో వస్తే, ఇంటికి రాగానే పెద్ద అక్షరాలతో పేరు రాసి, పిల్లలకు అందని చోట తాళం వేసి పెట్టండి.

- పిల్లలు పొరపాటున తాగేస్తే వాంతి చేయించవద్దు. కిరోసిన్ ఊపిరితిత్తుల్లోకి పోతుంది, యాసిడ్ గొంతును రెండోసారి కాలుస్తుంది. 108కి ఫోన్ చేయండి, ఆ సీసాను కూడా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక చివరిది, చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాల్సిందే. మన ఇంట్లో ఎవరూ తాగరు అనే ధీమాతో చాలామంది ఈ విషయం మాట్లాడరు. ఎవరైనా తాగితే దాచిపెడతారు. నకిలీ మద్యం తాగినవాడికి మొదటి కొన్ని గంటలు ఏమీ తెలియకపోవచ్చు. 12 నుంచి 24 గంటల తర్వాత తలనొప్పి, వాంతులు, కడుపునొప్పి, ఆయాసం మొదలవుతాయి. కళ్లముందు మంచు కమ్మినట్టు కనిపిస్తుంది. అప్పుడు మత్తు దిగలేదులే అని పడుకోబెట్టడం, పరువు పోతుందని ఆసుపత్రిలో అబద్ధం చెప్పడం, ఈ రెండూ ప్రాణం తీస్తాయి. దీనికి ఆసుపత్రిలో విరుగుడు మందు ఉంది, డయాలసిస్ ఉంది. కానీ డాక్టరుకు నిజం తెలిస్తేనే అవి పనికొస్తాయి. గల్ఫ్‌లో ఉన్న తమ్ముడికి, కొడుక్కి కూడా ఫోన్‌లో ఈ మాట చెప్పండి. తిట్టాల్సింది ఉంటే మనిషి బతికాక తిట్టుకోవచ్చు.

ఇంత తెలివిగా గోలీ పెట్టి, వాల్వు పెట్టి, వంకర దారులు తిప్పి మూత తయారు చేసినవాళ్లు కూడా చివరికి ఒప్పుకున్నది ఒకటే. సీలు మాట్లాడదు, గుర్తు మాత్రం చూపిస్తుంది. నీళ్లైనా, మందైనా, కబాడీకి వచ్చిన ఖాళీ సీసా అయినా, చేతిలోకి తీసుకోగానే ముందు దాని మెడ చూడండి.